అర పేజీలో నాయనమ్మ

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని ఆ రోజుల్లో, లోకంలో నాకు తెలియని విషయం లేదనుకునేదాన్ని. (ఇప్పుడు తెలియనివి రోజుకొకటి బయటపడుతున్నాయి, అది వేరే సంగతి.) పటాన్‌చెరులో ఒక జిరాక్స్ షాపులో కూర్చుని ఫారాలు నింపేదాన్ని. ఆ ఏడాది హైవే పక్కన కొత్తగా వచ్చిన ప్రైవేటు స్కూలువాళ్లు ఆరో తరగతి దరఖాస్తులో అర పేజీ ఖాళీ వదిలారు. తమ మనసులో నిలిచిపోయిన మనిషి గురించి పిల్లలే ఇంగ్లీషులో రాయాలట, తల్లిదండ్రులు సాయం చేయకూడదట. మొదట వచ్చిన కూరగాయల సేటు ఆ వాక్యం నాతో చదివించుకుని, "మేము సాయం జెయ్యొద్దన్నరు గద బిడ్డా, గందుకే నీతోని రాపిస్తున్న" అన్నాడు. ఆ న్యాయం విని పెన్ను మూత తీశాను.

ఎవరి గురించి రాయాలో ఆయనకూ తెలియదు, కొడుకునేమో వెంట తీసుకురాలేదు. అందుకని నాకు తెలిసిన మనిషినే రాశాను, అంతకు ముందు వానాకాలంలో పోయిన మా నాయనమ్మను. జొన్నరొట్టెలు కొట్టి, చివర మిగిలిన పిండితో నా అరచేతంత రొట్టె ఒకటి చేసి ఇచ్చేది. ఆమె పోయాక కూడా వంటింట్లోంచి టప్ టప్‌మని రొట్టె కొడుతున్న చప్పుడు వినిపిస్తుందని రాసి ముగించాను. (అబద్ధం కాదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదంతే. ఆమె పోయిననాడు నాకు ఏడుపు కూడా రాలేదు.) సేటు కొడుకు ఫారం స్కూలువాళ్లకు నచ్చి ఇంటర్వ్యూకి పిలిచారు. ఇక చూడండి, వచ్చినవాళ్లంతా "మాకు గూడ గా నాయనమ్మనే పెట్టు" అనడమే. పెట్టాను. మాటలు మార్చాను కానీ మనిషిని మార్చలేదు. మా నాయనమ్మ పటాన్‌చెరు నుంచి జిన్నారం దాకా ఇంటింటికీ నాయనమ్మ అయిపోయింది.

చివర్లో కాజీపల్లి మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసే అన్న ఒకాయన వచ్చాడు. ఆయన తల్లి నిక్షేపంగా బతికే ఉందని తెలిసి పెన్ను ఆపాను. "నా లెక్క గీ వాసన పీల్సుకుంట బతకొద్దు నా బిడ్డ. గా సీటొక్కటి రావాలె. మా అమ్మ ఏమనుకోదు, రాయి" అన్నాడు. ఆ గొంతు విని రాసేశాను. ఇంటర్వ్యూ నాడు మొగుడూ పెళ్లాం ఇద్దరికీ డ్యూటీ పడింది. పిల్లను నువ్వే తీసుకుపొమ్మని, వెంట వచ్చే పిల్ల అవ్వను, అంటే తన తల్లిని, మాత్రం గేటు దగ్గరే కూర్చోబెట్టమని బతిమాలాడు.

ఆ చలికాలం పొద్దున మంచూ, కంపెనీల పొగా కలిసిపోయి స్కూలు వరండా ఆ కొస కనబడటం లేదు. నేను కిటికీ పక్క బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఒక్కొక్కరే తమ నాయనమ్మ గురించి ఇంగ్లీషులో ఒప్పజెప్పి, చివర బల్ల మీద టప్ టప్‌మని కొట్టి చూపిస్తున్నారు. (అభినయం ఇళ్లలో నేర్పించినట్టున్నారు.) మొదటిసారి నవ్వొచ్చింది. మూడోసారి నవ్వు ఆగిపోయింది. ఐదోసారి మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ పిల్లవాడు కొట్టడం ఆపి, తెలుగులో మెల్లగా "తిన్నవా బిడ్డా" అన్నాడు. మా నాయనమ్మ నాతో అన్న ఆఖరి మాట అది. నేను ఏ ఫారంలోనూ రాయలేదు. (ఏ ముసలమ్మ అయినా అనే మాటే అని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియలేదు.) సరిగ్గా అప్పుడే ఒక చల్లని చెయ్యి నా భుజం మీద పడింది. గావుకేక పెట్టబోయి చూస్తే, గేటు దగ్గర చలి పెడుతోందని లేచి వచ్చేసిన అవ్వ.

లోపల నేను తీసుకొచ్చిన పిల్ల వంతు వచ్చింది. పెద్ద మేడం అడుగుతుంటే ఫారం వైపూ కిటికీ వైపూ మార్చి మార్చి చూసింది. చివరికి "మా అవ్వ సావలే. గక్కడున్నది" అని కిటికీ వైపు వేలు చూపించింది. మేడం తలెత్తేసరికి మంచులో ఊచలకు ఆనుకుని ఒక ముసలి మొహం. మేడం చేతిలోని నీళ్ల గ్లాసు ఫారాల మీద బోర్లా పడింది.

నన్నూ అవ్వనూ ఇద్దర్నీ లోపలికి పిలిచారు. సీటు పోయిందనుకున్నాను. మేడం ఆ అర పేజీని తెలుగులో చదివి వినిపించి, పొద్దుటి నుంచి పిల్లలంతా ఈమె గురించే చెప్పారంటే అవ్వ ఓపిగ్గా వింది. "గీమె నేను గాదమ్మా. నాకు రొట్టె కొట్టుడే రాదు. ఎవలదో పాపం, సచ్చినంక గూడ ఇంతమంది నోట్ల తిప్పుతున్నరు. ఇగ పండుకోనియ్యరా ఆమెను?" అంది.

"ఈవిడెవరో నీకు తెలుసా అమ్మాయ్?" అని మేడం నన్నడిగింది. మా నాయనమ్మ అన్నాను. వానాకాలంలో రాని ఏడుపంతా అక్కడ, ముక్కూ మొహం తెలియని మేడం ముందు వచ్చింది. తప్పు నాదని, పిల్ల సీటు తీయొద్దని వెక్కుతూనే చెప్పాను.

మేడం మమ్మల్ని బయటికి పంపి, పిల్లకు తెల్లకాగితం ఇచ్చింది. పిల్ల తెలుగులోనే రాసింది: "మా అవ్వ నా పక్కన పండుకుంటది. గురక పెడతది. గురక ఆగితే నాకు భయమైతది. లేచి సూస్త." ఇంగ్లీషు మేం నేర్పుకుంటాంలే అని మేడం సీటిచ్చింది. షాపు ఓనరు మాత్రం నన్ను ఫారాల దగ్గర్నుంచి తీసి జిరాక్స్ మిషను దగ్గర నిలబెట్టాడు.

ఇన్నేళ్లకు, నిన్న మా అబ్బాయి స్కూలు దరఖాస్తు వచ్చింది. అందులోనూ ఒక అర పేజీ ఖాళీ. నా చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు, అందుకే రెండు చేతులూ పిండిలో పెట్టి రొట్టెలు కొడుతూ కూర్చున్నాను. ముందు గదిలోంచి ఏం రాయాలె అని వాడు మూడుసార్లు అడిగాడు, నాకు తెలియదన్నాను. ఆఖరి చిన్న రొట్టె పెనం మీద వేసి చేతులు కడుక్కుంటుంటే, వెనక ఇంకా టప్ టప్‌మని వినిపిస్తోంది. నేను వెనక్కి తిరగలేదు.

"ఇగ పండుకో నాయనమ్మా," అన్నాను, "వాడే రాసుకుంటడు."