మాడు వాసన

అవనిగడ్డకు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్ళో ఏ ఆడపిల్లను అత్తవారింటికి పంపినా, సారెలోకి పాలకోవా సుబ్బరత్నమ్మ చేతిదే కావాలి. ఎవరి పాలు వాళ్ళు, ఎవరి పంచదార వాళ్ళు తెచ్చి ఆవిడకు ఇచ్చి వెళ్ళేవారు. పొయ్యి దగ్గరికి మాత్రం ఎవరినీ రానిచ్చేది కాదు. గుడివాడ నుంచి కాపరానికొచ్చి మూడేళ్ళయినా, కోడలు లీలావతిని గరిట ముట్టుకోనివ్వలేదు.

"ఇది చూసి నేర్చుకునేది కాదమ్మా, చెయ్యి తిరగాలి" అనేది. ఎలా తిరుగుతుందో చెప్పేది కాదు.

పందొమ్మిది వందల ముప్ఫై ఆరో సంవత్సరం వానాకాలంలో సుబ్బరత్నమ్మకు విషజ్వరం తగిలింది. ఇరవయ్యొక్క రోజులు లంఖణాలు చేసి, పథ్యం తిని లేచింది. ఒంట్లోకి కాస్త సత్తువ వచ్చింది గాని అన్నం మాత్రం చప్పగానే ఉంది. జ్వరం నోరు ఇంకా పోలేదనుకుంది. ఒకనాడు భర్త వెంకటపతి పొలం నుంచి వస్తూనే ముక్కు మూసుకున్నాడు.

"ఏమే, గాదె వెనకాల ఎలక చచ్చినట్టుంది. ఇంత కంపులో ఎలా కూర్చున్నావే?"

సుబ్బరత్నమ్మ ఆ గాదెకే చేరగిలబడి ఉంది. ఆయన అటు వెళ్ళగానే పెరట్లో కరివేపాకు నలిపి చూసుకుంది. ఇంగువ డబ్బా మూత తీసి చూసింది. ఏ వాసనా లేదు. ఈ సంగతి తెలిస్తే ఇక కోవాకు తన దగ్గరికెవరు వస్తారని భయపడి, ఎవరికీ చెప్పలేదు.

మాఘమాసంలో ఎదురింటి రమణమ్మ కూతురు అన్నపూర్ణను మొవ్వలో అత్తవారింటికి పంపే ముహూర్తం కుదిరింది.

"రేపు పొద్దున్నే బండి కడతాం వదినా" అంటూ రమణమ్మ రెండు బిందెల గేదెపాలు దింపి వెళ్ళింది.

సుబ్బరత్నమ్మ ఇనుప మూకుడు పెట్టి పిడకల సెగ మీద పాలు మరిగించింది. జ్వరం తర్వాత చేతుల్లో మునుపటి బలం లేదు. పాలు చిక్కబడి గరిటకు అడ్డం పడుతున్నప్పుడు ఒక్క క్షణం భుజం నొక్కుకుంది. ఆ క్షణంలోనే అడుగంటింది. ఆవిడకు తెలియలేదు. గోకి కలిపేసి, పంచదార కూడా వేసింది.

పంచలో మజ్జిగ చిలుకుతున్న లీలావతికి మాడు వాసన గుప్పుమంది. వెనక ఒకసారి పులుసులో ఉప్పెక్కువైందన్నందుకు అత్తగారు వారం రోజులు మాట్లాడలేదు. అయినా లేచి వచ్చింది.

"అత్తయ్యగారూ, అడుగంటిందండీ."

"రంగు తిరుగుతోంది. నీకేం తెలుసు?"

"రంగు కాదండీ. వాసన పంచలోకొస్తోంది."

సుబ్బరత్నమ్మ చిటికెడు నోట్లో వేసుకుంది. తీపి తెలిసింది, అంతే. "నిజం చెప్పు. నలుగురిలో పెట్టొచ్చా?"

"పెట్టలేమండీ."

ఆవిడ గరిట వదిలేసి పీట మీద కూలబడింది. "నాకు వాసన తెలియడం లేదే. జ్వరమొచ్చినప్పటి నుంచీ అంతే."

లీలావతి మసిగుడ్డ తీసుకుని మూకుడు కిందికి దించింది.

సుబ్బరత్నమ్మ తనే ఎదురింటికి వెళ్ళింది. "పాలు మాడ్చేశాను వదినా. సాయంత్రం మా గేదెల పాలతో మళ్ళీ చేసి ఇస్తాను."

"శుభమా అని పిల్లను పంపుతుంటే ఇదేం మాట వదినా!" అని రమణమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సుబ్బరత్నమ్మ తలవంచుకుని మాటలు పడింది.

వెంకటపతి ఆ పూట పెందలాడే పాలు పితికి, చాలకపోతే తమ్ముడింటి నుంచి మరో తప్పేలా తెచ్చాడు. ఈసారి గరిట లీలావతి చేతిలో పెట్టి, సుబ్బరత్నమ్మ పక్కన పీట వేసుకుంది.

"గరిట అడుగు వదలకూడదు. అంచులకు పట్టింది ఎప్పటికప్పుడు లోపలికి తొయ్యి. బరువు తెలుస్తోందా?"

"తెలుస్తోందండీ."

"వాసనో?"

లీలావతి కాసేపు చూసి, "వెన్న కాగినట్టుందండీ" అంది.

"అయితే రెండు పిడకలు తీసేసి, పంచదార వెయ్యి."

దీపాలు పెట్టే వేళకు కోవా ముద్దకట్టింది. మూడు వీశెలు కావలసింది రెండే అయింది. అన్నపూర్ణ అత్తవారు ఏమీ అనలేదు గాని, రమణమ్మ ఏడాదిపాటు ఎత్తిపొడుస్తూనే ఉంది.

సుబ్బరత్నమ్మకు వాసన మళ్ళీ రాలేదు. వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి ముందే చెప్పేది. మొదట్లో కొందరు వెనక్కి తగ్గారు, తర్వాత వాళ్ళే వచ్చారు. యుద్ధం రోజుల్లో పంచదార దొరక్క సారె కోవాలు తగ్గిపోయేనాటికి, ఆవిడ పీట మీద నుంచి సలహా చెప్పడం కూడా మానేసింది. ఎవరైనా అడగవస్తే, "మా కోడలికి తీరికుందేమో కనుక్కోండి" అనేది.