రెండో చెవి

నిన్న సాయంత్రం మా మేనకోడలు వీడియో కాల్ చేసింది. రెండో తరగతి చదువుతోంది. స్కేలుతో కొలవడం కొత్తగా నేర్చుకుంది కాబట్టి ఇంట్లో కుర్చీ, బల్ల అన్నీ కొలిచేసి చివరికి తన చెవుల దాకా వచ్చిందట. "మామయ్యా, నా కుడి చెవి కమ్మ ఎడమదానికన్నా రెండు మిల్లీమీటర్లు కిందున్నది. ఎందుకు?" అని నిలదీసింది. నావల్లే తల్లీ అన్నాను. "నువ్వే కుట్టినవా?" అని అనుమానంగా చూసింది. కథ చెప్పేలోపు ఎవరో ఆడుకోవడానికి పిలిస్తే ఫోన్ సోఫాలో పడేసి పోయింది. కాసేపు నేను వాళ్ళ సీలింగ్ ఫ్యాను చూస్తూ కూర్చున్నాను.

మా చెల్లెలు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ, తనతో పనిచేసే అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఎగిరినవాణ్ణి నేనే. మాది ఏలూరు, అతనిది శేరిలింగంపల్లి పాత ఊరు. వాళ్ళ అలవాట్లు వేరు, మన అలవాట్లు వేరు అని ఉపన్యాసాలు దంచాను. అమ్మానాన్నలు మెత్తబడ్డాక కూడా నేను బిగుసుకునే ఉన్నాను. ఆఫీసులో ఆడిట్ ఉందని చెప్పి పెళ్ళికి వెళ్ళలేదు. ఆడిట్టూ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఆ తర్వాత మూడేళ్ళకి పాప మొదటి పుట్టినరోజు వచ్చింది. చెల్లెలే ఫోన్ చేసింది. "ఆ రోజే చెవులు కుట్టిస్తున్నాం. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. నాకున్న అన్నయ్యవి నువ్వొక్కడివే. ఈసారి కూడా ఆడిట్ అన్నావంటే ఇంకెప్పుడూ పిలవను" అని పెట్టేసింది.

అమ్మానాన్నలు రెండు రోజుల ముందే రైల్లో వెళ్ళారు. సెలవు ఒక్కరోజే దొరికింది కాబట్టి నేను ఒంటరిగా మా పాత కారులో బయల్దేరాల్సి వచ్చింది. ముహూర్తం పదకొండింటికి. తెల్లవారుజామున నాలుగింటికి కదిలితే హాయిగా అందుకునేవాణ్ణి. కానీ నాన్న పంచాంగం పిచ్చి నాకూ వచ్చింది. తెరిచి చూస్తే ఐదున్నర దాకా వర్జ్యం. తొలిసారి చెల్లెలి గడప తొక్కబోతూ వర్జ్యంలో బయల్దేరతానా? స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని, కారు తాళాలు పట్టుకుని గంటన్నరసేపు వరండాలో కూర్చున్నాను. మంచి ఘడియ కోసం కూర్చుని అసలు ముహూర్తాన్ని పోగొట్టుకున్న ఘనుణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయ్యుంటాను.

హైవే మీద బాగానే సాగింది. పక్క సీట్లో పాప పట్టులంగా, కొబ్బరి లౌజు డబ్బా నాతోపాటు ప్రయాణం చేశాయి. తిథి ప్రకారం పుట్టినరోజు బుధవారం పడింది. గచ్చిబౌలి చేరేసరికే పదకొండు అయింది, ఆఫీసులవాళ్ళ కార్లన్నీ నా ముందే ఉన్నాయి. ఎదురుగా ఫ్లైఓవర్ రెండుగా చీలింది. తప్పు దారి ఎక్కాను. ఒకసారి ఎక్కితే చివర దిగడమే తప్ప మధ్యలో తిరగడం ఉండదని అప్పుడే తెలిసింది. పైనుంచి చెల్లెలి అపార్ట్‌మెంట్ మీద పేరు కనిపిస్తూనే ఉంది, నేను దానికి దూరంగా పోతూనే ఉన్నాను. కార్లన్నీ ఆగిపోయినప్పుడు ఫోన్ మోగింది. "ఎక్కడున్నావన్నయ్యా?" అంది. "ఫ్లైఓవర్ మీద. మీ బిల్డింగ్ కనిపిస్తోంది" అన్నాను. ఎంత వెర్రి సమాధానమో అన్నాక తెలిసింది. అటునుంచి చెల్లెలు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. ఇక రాడనే అనుకుని ఉంటుంది.

దిగి, తిరిగి, మళ్ళీ ఒక సిగ్నల్ దగ్గర తప్పి, ఆ ఇంటికి చేరేసరికి ఒంటిగంట. భోజనాలు కూడా అయిపోయి ఉంటాయనుకుంటూ లోపలికి వెళ్ళాను. ఎవరూ తినలేదు. హాల్లో చాప మీద చెవులు కుట్టే ఆచారి మూడో చాయ్ తాగుతున్నాడు. పాప నాన్నవైపు తాతగారి ఒళ్ళో ఉంది. ఎడమ చెవికి బంగారు తీగ, కుడి చెవి బోసిగా ఉంది. చెల్లెలి అత్తగారు నాకు ఎదురొచ్చింది.

"ఏంది బిడ్డా, అందర్ని పరేషాన్ చేసినవ్! ముహూర్తం దాటొద్దని ఒక చెవి తాత ఒడిల కుట్టిచ్చిన. రెండోది మామది. మామ వచ్చేదాంక సూది ముట్టొద్దని చెప్పిన. పో, జర కాళ్ళు కడుక్కొని వచ్చి కూసో."

వాళ్ళ అలవాట్లు వేరని ఉపన్యాసాలు దంచిన పెద్దమనిషి బుద్ధిగా కాళ్ళు కడుక్కున్నాడు. వెళ్ళి కూర్చుంటే పాపని నా ఒళ్ళో పెట్టారు. పొద్దున రెండు చెవులకీ కొలిచి పెట్టిన చుక్కల్లో కుడివైపుది ఏడుపులకీ ముద్దులకీ చెరిగిపోయింది. ఆచారి మళ్ళీ పెట్టాడు. పాప తల తిప్పింది, చుక్క కాస్త కిందకి జారింది. సూది దిగగానే పిల్ల కెవ్వుమని నా కొత్త చొక్కా పిడికిట్లో పట్టుకుంది. దాని తల కదలకుండా పట్టుకున్న చెల్లెలు, అప్పటిదాకా నా వైపు చూడనిది, నెమ్మదిగా అడిగింది. "ఆడిట్ అయిపోయిందా?"

అయిపోయిందన్నాను. ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం.

నిన్న మేనకోడలు చెప్పిన కొలత పదే పదే గుర్తొస్తోంది. రెండు మిల్లీమీటర్లట. ఆ ఇల్లంతా అన్నం ముట్టకుండా నాకోసం ఆగిన రెండు గంటలు, గంటకో మిల్లీమీటరు చొప్పున ఆ పిల్ల చెవిన ఇంకా ఆగే ఉన్నాయి.