ముగ్గేసి పోగొట్టుకున్న సాయం

మాది సబ్బవరం దగ్గర పల్లె. కరోనా లాక్‌డౌన్‌లో ఉక్కునగరం వెళ్లే కూరగాయల ఆటోలు ఆగిపోయి, కోసిన వంకాయలన్నీ మా వాకిట్లోనే గుట్టగా కుళ్లిపోయాయి. నష్టపోయిన రైతులకు ప్రభుత్వం సాయం చేస్తుందని, ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తారని కబురొచ్చింది.

ఆయన వస్తానన్న రోజు పొద్దున నేను పాలు పితికి వచ్చేసరికి గుట్ట లేదు. మా అత్తయ్య కుళ్లినవన్నీ గోతిలో పూడ్పించి, పేడనీళ్లు చల్లి, ముగ్గు కూడా పెట్టేసింది. పక్కనే బుట్టలో అప్పుడే కోసిన లేత వంకాయలు నిగనిగలాడుతున్నాయి.

"ఇలగ సేసీసేవేటత్తా!" అన్నాను.

"ఆపీసరొత్తంటే కుళ్లు సూపిత్తామేటే? పరువు పోదూ!"

నేను పార అందుకునేలోపే జీపు వచ్చేసింది. ఆఫీసరు దిగి ముగ్గును చూశాడు, బుట్టను చూశాడు, ఇంటి పక్కనున్న మా వంకాయ తోటను చూశాడు. "తోట పచ్చగా ఉంది. నష్టమెక్కడమ్మా?" అన్నాడు.

"సెట్టుకేటీ జబ్బు నేదు బాబూ, కొనీవోల్లే నేరు" అంది అత్తయ్య.

గోతి తవ్వి చూపిస్తానని నేను బతిమాలాను. ఆయన మాస్కు ఇంకాస్త పైకి లాక్కుని, "వద్దమ్మా, అసలే వైరస్ కాలం" అంటూ నష్టం లేదని రాసేసుకున్నాడు. దూరం పాటించాలన్న రూలు వంకాయలకు వర్తించదు కాబోలు, బుట్ట మాత్రం జీపెక్కింది.

ప్రభుత్వానికి కష్టం చూపించాలంటే వాకిలి ఊడ్చకూడదని ఆ రోజే తెలిసింది. ఇప్పటికీ జీపు చప్పుడు వినపడితే చాలు, మా అత్తయ్య చీపురు దాచేస్తుంది.