లేపనియ్యని డాక్టరమ్మ

పొయిన ఆదివారం ప్రార్థన అయిపోయి చెప్పులు తొడుక్కుంటుంటే, కరీంనగర్ నుంచి వచ్చినామె చెప్పింది, మా డాక్టరమ్మ పోయిందని. నిద్రలనే పోయిందట. నాకు ముందుగాల కోపమొచ్చింది. బతికినన్నాళ్లు కొట్లాడినామె, ఒక్క మాట అనకుంట గట్లెట్ల పోతది?

నిర్మల్ దాటినంక రోడ్డు మీద ఆమెది చిన్న దవాఖాన. నేను ఆడ నర్సును. ఆమెను శాంతమూర్తి అని రాస్తే లేచొచ్చి నా నెత్తి మీద ఒకటి ఏస్తది. చెయ్యి జల్ది లేస్తుండె. పెండ్లాం తల పగలగొట్టి, మల్ల తానే ఎత్తుకొచ్చినోన్ని నలుగురిల చెంప చెళ్లుమనిపించింది. అటెన్క ఆ తలకు కుట్లేసుకుంట వాన్నే దీపం పట్టుమన్నది. నా మీదికి గూడ గిన్నె ఇసిరింది. తాకింది గూడ. చాయ మాత్రం సాసర్ల పోసుకొని పసిపిల్ల లెక్క ఊదుకుంట తాగుతుండె.

మా దిక్కు ఎర్రతేలు కుడితే పిల్లలు దక్కుడు కష్టం. ఒళ్లంత చెమటలు, వాంతులు, కాళ్లు చేతులు సల్లబడి, గుండె కొట్టుకొని కొట్టుకొని అలిసి, ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరి నురగలు కక్కుకుంట పోతరు. అవతల మహారాష్ట్రల దీనికి ఒక బీపీ గోలి ఇస్తుర్రని తెలుసుకొని ఆమె తెప్పిచ్చింది.

"తేలుకు బీపీ గోలేందమ్మా?" అని అడిగిన.

చాయ ఊదుకుంట చెప్పింది. "రక్తనాళాల గోడల ఒక ప్రోటీన్ ఉంటది. కావలోడనుకో. బయట అడ్రినలిన్ వచ్చి కేకేస్తే, వాడు లోపలికి కబురు చెప్తడు, బిగుసుకో అని. వాడు లేకుంటే మనం లేచి నిలబడంగనే కండ్లు తిరిగి పడ్తం. తేలు విషమెక్కితే ఒళ్లంత ఒకటే కేకలు. కావలోడు ఆగకుంట బిగుసుకో, బిగుసుకో అంటనే ఉంటడు. బిగుసుకపోయిన నాళాలల్లకు రక్తం తోసి తోసి గుండె సస్తది. ఆ కేకలను మనం ఆపలేం. కావలోని చెవులల్ల దూది పెడ్తం. గా దూదే ఈ గోలి."

"మరి దూది పెట్టినంక లేచి నిలబడితే?"

"పడ్తడు. అందుకే మందు సగం, మంచం సగం."

మందు సగం అందరు ఒప్పుకున్నరు. మంచం కాడనే లొల్లి. మా ఊర్లల్ల విషం తాకినోన్ని పండుకోనియ్యరు. పండుకుంటే విషం తలకెక్కుతదని కూసోబెట్టి, ఊపి, తట్టి లేపుతరు. ఒకసారి గోలి పడి కుదుటపడుతున్న పిల్లను తాత ముద్దుగ భుజానికెత్తుకున్నడు. భుజం మీదనే పోయింది. ఆ పొద్దు డాక్టరమ్మ గోడకు తల కొట్టుకుంటుంటే నేను పట్టలేకపోయిన.

మల్ల ఏడాది చేన్ల పత్తికట్టె పీకుతుంటే ఒక పిలగాన్ని తేలు కుట్టింది. పట్టపగలు తల్లి, ఇద్దరు మేనమామలు ఎత్తుకొచ్చిన్రు. గోలి మింగిచ్చి పండుకోబెట్టినం. జరసేపటికి పిలగాడు కండ్లు మూసిండు. ఇగ తల్లి శివమెత్తింది.

"పండుకుంటుండు! నా కొడుకు పోతుండు! లేపుండ్రి!"

పెద్ద మేనమామ మంచం మీదికి ఉరికిండు. డాక్టరమ్మ పిలగాని మీద అడ్డం వంగి, రెండు చేతుల మంచం పట్టెలు పట్టుకున్నది. "లేపితే సస్తడు! నన్ను సంపి లేపుండ్రి!"

సంపేటట్టే కొట్టిన్రు. పెద్దోడు జడ పట్టి గుంజిండు, కట్టె దొరికిచ్చుకొని వీపు మీద ఏసిండు. నేను చిన్న మేనమామ గొంతు పట్టి గోడకు అదిమిన. నర్సమ్మలంటే నెమ్మదనుకుంటరు గని, ఆ పొద్దు నా గోర్లల్ల వాని తోలున్నది. తల్లి వంగి డాక్టరమ్మ ముంజేతిని కరిచింది. పండ్లు దిగినయ్. రక్తం పిలగాని అంగి మీద కారింది. డాక్టరమ్మ పట్టె ఇడువలే. దేవుడా, ఆమె కాడ పని చేసిన అని చెప్పుకోను నాకు ఇయ్యాలటికి గర్వమే.

"సిస్టర్, కాళ్లు చూడు!" అని ఒర్రింది.

చిన్నోన్ని ఇడిచి పిలగాని పాదం పట్టుకున్న. ఇందాక శవం పాదం లెక్క ఉండె. ఇప్పుడు వేళ్లల్ల వేడి తెలుస్తున్నది.

"వేడెక్కుతున్నయ్ అమ్మా!"

"నాకు గాదు, తల్లికి చెప్పు!"

తల్లి చెయ్యి గుంజి పాదం మీద పెట్టిన. ఆమె మూతి నిండ డాక్టరమ్మ రక్తం. ఒక పాదం పట్టి చూసింది, రెండోది పట్టి చూసింది, మల్ల మొదటిది పట్టుకున్నది. కట్టె ఎత్తినోడు ఎత్తినట్టే ఆగిండు. పిలగాడు కండ్లు తెరిచి, తల్లిని చూసి "అవ్వా" అన్నడు.

తల్లి ఎత్తుకొను చేతులు చాపింది. డాక్టరమ్మ జుట్టంత మొకం మీద పడి, రొప్పుకుంట, వద్దని తల ఊపింది. తల్లి ఆమె దిక్కు చూసింది, కొడుకు దిక్కు చూసింది. చాపిన చేతులు ఎనుకకు తీసుకున్నది. నోరు కొంగుతోని తుడుసుకొని, మెల్లగ మంచమెక్కి, కొడుకు చెంపకు చెంప ఆనిచ్చి తానే పండుకున్నది.