ఇనుప కవచానికి ఉన్ని కంబళి

మా అన్న ఎర్రగుంట్లలో సిమెంటు బస్తాలు లారీలకెత్తే పని చేసేవాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక, ఆయన ఇంట్లో నలుగురం చాప మీద కూర్చొని ఆట ఆడేవాళ్లం. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకొని, అది ఏం చేస్తుందో చెబుతారు. ఆ పని సాగుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. కథ చెప్పేది అన్న. ఆడేది నేను, లారీ నడిపే స్నేహితుడు, బడిలో లెక్కలు చెప్పే సారు. ఆట పుస్తకం సారు బెంగుళూరులో కొన్నది.

ఆ పుస్తకం ప్రకారం ఇనుప కవచం వేసుకున్నవాడికి దెబ్బలు తక్కువ తగులుతాయి. బలం ఏమీ తగ్గదు. అన్న దీన్ని మొదటి రోజే ఒప్పుకోలేదు.

"ఎండలో ఇనుము మోసేవానికి బలం తగ్గదా? ఇది రాసినోడు ఒక్క బస్తా అయినా ఎత్తినాడా సారూ?"

అట్లా మా ఇంటి రూలు పుట్టింది. కవచమున్న పాత్రకు ప్రతి పోరు తర్వాత బలం కొంత తగ్గుతుంది. కవచం విప్పి కూర్చుంటేనే తిరిగి వస్తుంది. బలం సున్నాకొస్తే ఆ పాత్ర అడుగు వేయలేదు. దానికి తోడు, ఆ పాత్ర ఆడేవాడు ఆట సాగినంతసేపూ ఉన్ని కంబళి కప్పుకొని కూర్చోవాలి. కంబళి తీస్తే కవచం విప్పినట్టే. మే నెలలోనూ ఇదే. లారీ స్నేహితుడు కొన్నాళ్లు ఓర్చుకొని, "నా వీరునికి బనియను సాలు" అని కవచం మానేశాడు.

తర్వాత అన్నకు జబ్బు చేసింది. కథ చెప్పడానికి ఊపిరి చాలలేదు. ఆ పని సారు తీసుకున్నాడు. అన్న ఆడేవాళ్లలో కలిసి, కావాలనే కవచమున్న యోధుణ్ణి తీసుకున్నాడు. ఎండాకాలంలో కూడా ఆయనకు చలి పుట్టేది.

"సలిజొరం వచ్చినోనికే గదప్పా ఈ రూలు లాభం" అన్నాడు లారీ స్నేహితుడు. అన్న దగ్గుతూ నవ్వాడు.

చివరిసారి ఆడినప్పుడు, కథలోని కోట వాకిలి ముందర అన్న యోధుడి బలం సున్నాకొచ్చింది.

"ఈ ఒక్కసారికి వదిలేద్దాంలేన్నా. లోపలికి పో" అన్నాడు సారు.

"రూలు పెట్టిందే నేను. ఎట్ల పోతా?"

"అయితే కవచం విప్పు."

"విప్పను. సలిగా ఉండాది. ఈడే కూర్చుంటా. వచ్చే ఆదివారం చూద్దాం."

ఆ వచ్చే ఆదివారానికి ఆయన లేడు.

కొన్ని నెలలకు వదినే మమ్మల్ని పిలిచింది. "ఇంట్లో మాటే లేకుండా ఉండాది. వచ్చి ఆడుకోండి" అంది. అదే చాప పరిచాం. యోధుడు ఇంకా కోట వాకిలి ముందరే ఉన్నాడు. పుస్తకం రూలుకే మారుదాం, అప్పుడు లేచి నడుస్తాడు అన్నాడు సారు. వాణ్ణి అక్కడే ఉంచి మనం ముందుకు పోదాం అన్నాడు లారీ స్నేహితుడు.

సారు చెప్పినట్టు చేస్తే అన్న పెట్టిన రూలు పోతుంది. రెండోది చేస్తే ఆయన్ను బయట వదిలి మేము లోపలికి పోవాలి. ఇది ఆటేనని నాకు తెలుసు. అయినా ఒప్పుకోలేకపోయాను. వాదించే ఓపికా లేదు.

"వదినా, కంబళి ఉండాదా?" అని అడిగాను.

ఉతికి మడిచిపెట్టినదాన్ని తెచ్చి ఇచ్చింది. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. కప్పుకున్నాను. వెంటనే చెమట పట్టింది. ఎవరూ నవ్వలేదు.

"ఆ పాత్ర నువ్వు ఆడతాండావా?" అన్నాడు సారు.

"ఈ ఒక్క పనికే."

కంబళి తీసి పక్కన పెట్టాను. "కవచం విప్పినాడు" అన్నాను.

సారు పాచికలు చేతిలోకి తీసుకొని, వేయకుండానే కింద పెట్టాడు. "కాసేపు కూర్చున్నాడు. బలం వచ్చింది. లోపలికి పోయినాడు" అన్నాడు.

కోట లోపల ఏముందో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. వదిన కంబళి మడతపెడుతూ, "మళ్లీ ఎవరికన్నా కావల్లనా?" అంది.

"వద్దొదినా. మాకు బనియన్లు సాలు" అన్నాడు లారీ స్నేహితుడు.

"అట్లయితే సలికాలానికి నేను కప్పుకుంటాలే" అని ఆమె దాన్ని మంచం మీద పెట్టి, టీ పెట్టడానికి పోయింది.