ఇద్దరు మామల చార్టులు

నా భార్య పోయాక నాకు దొరికిన పని కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించడం. ఇళ్లకు నర్సులను పంపే ఒక చిన్న సంస్థకు, ఆల్థాన్‌లోని మా ఫ్లాట్ నుంచే చేసేవాణ్ని. కరోనా రెండో ఏడు అది. మందుల చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు ఫోటోలుగా వచ్చేవి. వాటిని నిటారుగా తిప్పి, తేదీ వేసి, ఆ రోగి చార్టులో చేర్చాలి. మర్నాడు నర్సు తన ఫోన్‌లో ఆ చార్టు చూసే మందు ఇస్తుంది.

ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ నా భార్య ఫైలు నేను చూడలేదు. కరోనా వార్డు, లోపలికి రానివ్వలేదు. ఏం ఇచ్చారో, ఏది చదివి ఇచ్చారో తెలియదు. అందుకే కాబోలు, ఈ పని జాగ్రత్తగానే చేసేవాణ్ని. అయినా ఒకసారి తప్పింది.

అదే ఊళ్లోని ఇంకో పేట లింబాయత్‌లో ఒక మగ్గాల కుటుంబం ఉండేది. తెలంగాణ నుంచి వచ్చి రెండు తరాలైంది. ఆ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, అన్నదమ్ముల పిల్లలు. ఇద్దరికీ తాత పేరే పెట్టారు. ఇంటిపేరు ఒకటే, చార్టుల్లో ఉన్నది కూడా ఒకే ఫోన్ నంబరు, కోడలిది. పెద్దాయన కరోనా నుంచి బయటపడి ఇంటికొచ్చారు. రక్తం గడ్డకట్టకుండా ఆయనకు రోజూ సూది వేయాలి. చిన్నాయనకు కడుపులో పుండు. నెల కిందటే రక్తం కక్కుకున్నారు. ఆ సూది ఆయనకు పడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఒక ఉదయం సరిచూస్తుంటే, ముందురోజు నేను ఎక్కించిన సూది చీటీ పెద్దాయన చార్టులో లేదు. చిన్నాయన చార్టు తెరిచాను. అక్కడుంది. నర్సు వెళ్లే వేళ దాటి అరగంట అయింది. ఆమె ఫోన్ ఎత్తలేదు. ఇంటికి చేస్తే కోడలు ఎత్తింది. నేనెవరో చెప్పి, సూది వేశారా అని అడిగాను.

“ఎయ్యలె సార్. నేనే ఎయ్యనియ్యలె.”

ఎందుకమ్మా అన్నాను.

“సిస్టర్ ఫోన్ల జూసి మామ పేరు జెప్పింది. గా పేరు మా ఇంట్ల ఇద్దరికుంది. నేను మామల పేరు నోటితోని అనను గదా. పెద్దమామకా, చిన్నమామకా అనడిగిన. ఆమెకు దెల్వదు. డాక్టర్ రాసిన కాయితం జూపియ్యమంటె, ఫోన్ల ఫోటోనే ఉంది, కాయితం లేదన్నది. కాయితం లేంది సూదేంది అని వాపస్ పంపిన.”

తప్పు నాదని చెప్పాను.

“మీ కంప్యూటర్ల మామలిద్దరు ఒక్కటైపోయిండ్రు. మాకు ఇంట్ల ఇద్దరికి వంట జేస్తం గన్క తెలుస్తది సార్, ఒకాయినకు కారం, ఇంకొకాయినకు చప్పిడి. జర గదన్న రాసుకోండ్రి.”

రాసుకున్నాను. ఒక చార్టు పైన ‘ఇంట్లో పెద్దమామ’ అని, రెండోదాని పైన ‘చిన్నమామ, కడుపులో పుండు’ అని. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించినది చెరపడానికి లేదు, కొట్టివేయడమే. చిన్నాయన చార్టులో ఆ సూది చీటీ కొట్టేసి, తప్పు చార్టులో చేరిందని రాసి, కింద నా పేరు పెట్టి, చీటీని పెద్దాయన చార్టులో చేర్చాను.

ఆసుపత్రిలో నా భార్య మంచం పక్కన అలా అడిగే మనిషి ఉండి ఉంటే, అనుకున్నాను. ఆ ఆలోచనను సాగనివ్వలేదు. ఆ మగ్గాల ఇంట్లో అలా అడిగే కోడలు ఉంది, అది చాలు.

మధ్యాహ్నం నర్సు డాక్టర్ కాగితంతో మళ్లీ వెళ్లి పెద్దాయనకు సూది వేసి, వేసినట్టు కోడలు సంతకం పెట్టిన చీటీ ఫోటో పంపింది. ఎవరిదో రెండుసార్లు చూసి ఎక్కించాను. తర్వాత అన్నం పెట్టుకుని, చాలా రోజులకు కడుపునిండా తిన్నాను.