ఫోన్‌కు దిష్టి తీసిన అవ్వ

అవ్వ నా ఫోన్ చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పుతుంటే, రైలు బోగీలో అందరూ మా వైపే చూస్తున్నారు.

మస్కట్‌లో పని మానేసి మహబూబాబాద్ వస్తున్నాను. అక్కడెవరో ఇచ్చిన యాప్ వేసినప్పటి నుంచి ఫోన్ ముట్టుకోకపోయినా వేడెక్కుతోంది. వైరస్ దూరి ఉంటుందని, మొత్తం తుడిచేయమని తమ్ముడు చెప్పాడు. కానీ నాతో పనిచేసిన శ్రీలంక పిల్ల కుమారి, నేను వచ్చేస్తుంటే పాడి పంపిన పాట అందులోనే ఉంది. వేరే ఫోన్‌కు పంపితే వైరస్ కూడా వెళ్తుందేమోనని భయం. జనగామలో ఎక్కి నా పక్కన కూర్చున్న అవ్వకు ఇదంతా చెప్పుకున్నాను. ఆమె వెంటనే సంచిలోంచి మిరపకాయలు తీసింది.

"మూడుసార్లు థూ అను బిడ్డా!"

మూడుసార్లూ థూ అన్నాను. "ఇగ తుడుసుడు అక్కర్లేదా అవ్వా?"

"గదెట్ల? పోరనికి జరమొస్తే దిష్టి తీస్తం, దవాఖానకు గూడ తోల్కపోతం. నీ తమ్ముడు చెప్పింది గూడ చెయ్."

"మరి పాట?"

"పాడిన పిల్ల మంచిగనే ఉంది గద! మల్ల పాడుమను."

బోగీ అంతా నవ్వింది, నేను కూడా.

మర్నాడు పొద్దున్నే కుమారి నంబరు కాగితం మీద రాసుకుని, ఫోన్ మొత్తం తుడిచేశాను. తమ్ముడి ఫోన్ నుంచి కాల్ చేసి పాట అడిగితే, ముందు నన్ను పాడమంది. పళ్ళైనా తోముకోకుండానే పాడాను.